మీరూ చదవండి

"పక్కకి జరగండి! కొంచెం దారివ్వండి!"

చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయిన మనిషి ఒకడు మందుల షాపు ముందున్న వరసని చీల్చుకుంటూ వచ్చి కౌంటరు మీద వాలాడు.

వరసలో మొదట నిలబడ్డది బస్సు కండక్టరు. డ్రైవరు తలనొప్పి మాత్ర తెమ్మంటే దిగాడు. బస్సు రోడ్డవతల ఆగి ఉంది, నిండా జనంతో. వరస తప్పేవాళ్లని చూస్తే కండక్టరుకి ఒళ్లుమంట. "ఏమయ్యా..." అంటూ గొంతు పెంచబోయి, వచ్చినవాడి మొహం చూసి ఆగిపోయాడు.

"పాపని కందిరీగ కుట్టింది," అన్నాడు అతను, చీటీ కౌంటరు మీద పడేసి. "మొహమంతా వాచిపోయింది. ఊపిరందట్లేదు. వీధి చివరి ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ అయిపోయిందట. అక్కడే మా అమ్మ ఒడిలో పెట్టి పరుగెత్తుకొచ్చా. త్వరగా ఇవ్వు!"

కండక్టరుకీ ఒక కూతురుంది. భగవంతుడా, ఆ పసిదాన్ని చల్లగా చూడు, అనుకున్నాడు.

షాపావిడ చీటీ అందుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత లోపలి అర దగ్గరికి వెళ్లి నీలం డబ్బా ఒకటి తెచ్చింది. తెచ్చి, ఇవ్వలేదు. దానిమీద అరచెయ్యి ఆనించి, చీటీలో ఉన్న మందు పేరు పైకి చదివింది, ఒక్కో అక్షరం విడదీసి. అప్పుడు డబ్బాని అతనివైపు తిప్పింది.

"దీనిమీద ఏముందో మీరూ చదవండి."

"ఏంటీ?"

"మీరూ చదవండి. చదివాకే ఇస్తాను."

"బుద్ధుందా నీకు? చదువుకునే వేళేనా ఇది?"

కండక్టరు వెనకున్న పెద్దావిడ అతని చెవి దగ్గర గొణిగింది. "ఈవిడ పద్ధతే అంత నాయనా. నేను దగ్గు మందు కొన్నా చదివించింది. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఇద్దరూ పైకి చదవాలట. దేవుడు దిగొచ్చినా కళ్లజోడు పెట్టించి మరీ చదివిస్తుంది."

మంచి పద్ధతే, అనుకున్నాడు కండక్టరు. దగ్గు మందుకైతే మంచిదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇంత పట్టింపేమిటి? దేవుడు మెచ్చుతాడా దీన్ని?

చెమట చొక్కావాడు డబ్బా లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. ఆ అరుపులకి బెదిరిపోయింది పాపం.

"అక్కడ అది గిలగిల్లాడుతోంది! నీది గుండా, బండరాయా? అసలు నువ్వు తల్లివేనా?"

ఆవిడ పెదవి బిగించింది. "అరవకండి. చదవండి."

రోడ్డవతల హారన్ మోగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు. "ఏం గురూ, మాత్ర కొంటున్నావా, తయారు చేయిస్తున్నావా?"

కండక్టరు వినిపించుకునే స్థితిలో లేడు. "ఇదిగో బాబూ," అన్నాడు చెమట చొక్కావాడితో. "ఆవిడ మీరు మీరు అంటుంటే నువ్వు నువ్వు అంటావేంటి? నీ కంగారు నీకుండొచ్చు. ఆడమనిషితో మాట్లాడే తీరేనా అది?"

అతను కండక్టరు వంక వెర్రిచూపు చూశాడు. మళ్లీ డబ్బా మీదికి చెయ్యి చాచాడు.

"ఆగవయ్యా! నేను చదువుతా. నాతో అయినా సరేనా తల్లీ?"

ఆవిడ తలూపింది.

రోజూ ఊళ్ల పేర్లు అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది. డబ్బా మీదున్న పేరు వీధంతా వినబడేలా చదివాడు. చదివి చీటీ వంక చూశాడు. మళ్లీ డబ్బా వంక చూశాడు.

"అమ్మా, మొదలు ఒకటే. చివర తేడాగా ఉందేంటి?"

ఆవిడ వంగి చూసింది. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. "ఇది కాదు," అంది. "ఇది వేరే మందు. పక్క అరలోది, ఒకటే రంగు. ఇది పాపకి ఎక్కించి ఉంటే..." మాట పూర్తి చెయ్యకుండానే లోపలికి పరుగెత్తింది.

పెద్దావిడ రెండు చేతులూ జోడించింది. చెమట చొక్కావాడు కౌంటరు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆవిడ రెండో డబ్బా తెచ్చింది. చీటీ మళ్లీ మొదటినుంచీ చదివింది. అంత తొందరలోనూ ఒక్క అక్షరం మింగలేదు. డబ్బా అటు తిప్పింది.

"మీరూ చదవండి."

ఈసారి అతను వంగి, వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. కండక్టరు చీటీ పట్టుకుని పక్కనుంచి సరిచూశాడు.

సరిపోయింది.

ఆవిడ డబ్బాని అతని చేతిలో పెట్టింది. అతను వెనక్కి తిరిగి చూడకుండా పరుగందుకున్నాడు.

"అమ్మా, డబ్బులివ్వకుండానే పోతున్నాడు!" అన్నాడు కండక్టరు.

ఆ మాట చెవినపడినట్టే లేదు ఆవిడకి, కౌంటరు పలక ఎత్తి, కాళ్లకి చెప్పులైనా లేకుండా రోడ్డు మీదికి పరుగెడుతూ, "ఏమండీ, ఆగండి, నేను ఎత్తుకుంటేగానీ మన పాప సూది వేయించుకోదు!" అని అరిచింది.