ఇల్లు కాదు, వంటపాక

తొరికా నిన్న గీసిన ఇంటిని కూడా ఎవరో చెరిపేశారు.

కింద ఎప్పటి మాటే ఉంది. "ఇది ఇల్లు కాదు. వంటపాక."

తొరికా మళ్లీ గీసింది.

లంబాసా పట్నం బడిలో ఆమె టీచరు. ఎవరైనా గీయగలిగే, ఎవరైనా చెరపగలిగే ఇంటర్నెట్ మ్యాపు ఒకటుంది. బడి వదిలాక కంప్యూటరు ముందు కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో రేకుల కప్పులు వెతికి, ఆ మ్యాపులో ఇళ్లు గుర్తు పెడుతుంది. మూడేళ్లుగా ఇదే పని. జీతం లేదు. చేయమని అడిగినవాళ్లూ లేరు.

కిందటి తుఫానుకి సహాయం తెచ్చిన పడవ నతోవు తీరంలో ఆగి, చేతిలోని జాబితా చూసుకుని, కొండమీద ఎవరూ లేరనుకుని వెళ్లిపోయింది. ఎగువ నతోవు జనం తొమ్మిది రోజులు కొబ్బరినీళ్లతో బతికారు. ఆ ఊరి పిల్లలు నలుగురు హాస్టల్లో ఉండి ఆమె క్లాసులోనే చదువుతున్నారు. ఈసారి పడవ అలా వెళ్లిపోకూడదు. ఆమెకి కావలసింది అంతే.

చెరిపేసేవాడి ఖాతాకి పేరు లేదు, ఆరు అంకెలే. స్టాఫ్ రూములో వాడికి వంటపాకగాడని పేరు పెట్టారు. ఇవాళ ఎన్ని కొంపలు కూల్చాడే అని తోటి టీచర్లు రోజూ ఆటపట్టించేవారు.

సెప్టెంబరులో రాజధాని సువా నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. జిల్లా ఆఫీసులో అందరి ముందూ ఆమె మ్యాపుని తెరమీద వేశాడు. నతోవు తీరంలోని ఆరు ఊళ్లలో ఉన్నది నాలుగు వందల మంది, మ్యాపులో ఇళ్లు రెండు వందల పది, ఇంటికి ఇద్దరు కూడా లేరా అని నవ్వాడు. ఊరికే చేసేవాళ్ల పని ఇలాగే ఉంటుందన్నాడు. అక్టోబరు ఆఖరులోగా సరిచేస్తే సరే, లేదంటే ఈ ఏడాది తుఫానులకీ సహాయం పడవలు పాత జాబితా పట్టుకునే తిరుగుతాయన్నాడు.

పాత జాబితాలో ఎగువ నతోవు లేదు.

"సరిచేస్తాను," అంది తొరికా.

ఆ సాయంత్రమే మ్యాపు నడిపేవాళ్లకి ఉత్తరం రాసింది. ఫలానా అంకెలవాడు తన పని పాడుచేస్తున్నాడు, వాడి ఖాతా ఆపండి అని. శనివారం బస్సు దిగి, ఇల్లిల్లూ కళ్లారా చూడాలని ఎగువ నతోవు కొండ ఎక్కింది.

మొదటి ఇంటి అరుగుమీద నుంచి ఒక ముసలాయన పిలిచాడు, ఎండలో ఎక్కడికని. షుగరుకి ఒక కాలు తీసేశారు. ఆ మనిషే కర్ర పట్టుకుని లేచి, ఉడికించిన కర్రపెండలం, నిమ్మాకుల టీ తెచ్చిపెట్టాడు.

వచ్చిన పని చెప్పింది. వంటపాకగాడి సంగతి కూడా, ఆపకుండా చెప్పింది.

"మరి అది వంటపాక కాదా, అమ్మాయ్?"

"అవుననే అనుకో మామా. వాడికెలా తెలుసు? పైనుంచి చూస్తే అన్నీ రేకులే."

"తెలిసే రాస్తున్నాడేమో."

"తెలిసినవాడు చెప్పే తీరు అదా? మూడేళ్లలో ఒక్కనాడు బాగా చేశావనలేదు. ఏ సిడ్నీలోనో చల్లటి గదిలో కూర్చుని చెరుపుతుంటాడు. ఆపేయమని రాశాను."

"ఆపేస్తారా?"

"పదకొండు వేల ఇళ్లు గీశాను. నా మాట వింటారు."

ముసలాయన కర్రపెండలం పళ్లెం ఆమె వైపు జరిపాడు.

"తిను. ఇంకా చాలా ఎక్కాలి."

ఆ వారంలోనే ఖాతా ఆపేశారు. స్టాఫ్ రూములో కేకు కోశారు.

తొరికా మాత్రం ఆగలేదు. శనివారానికో ఊరు చొప్పున, వానలో తడుస్తూ, బురదలో జారుతూ తిరిగింది. ప్రతి ఇంటి వెనకా ఒక వంటపాక ఉంది. అన్నీ రేకులే. ఒక్కొక్కటిగా తనే చెరిపింది. నాలుగు ఊళ్లు సరయ్యాయి. చివరి రెండు ఊళ్లకి దారి లేదు, పడవే.

ఆఖరి శనివారం నతోవు ఒడ్డుకి వచ్చేసరికి సముద్రం పోటెత్తి ఉంది. ఎంత బతిమాలినా పడవ తీసేవాడు దొరకలేదు. ఆ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో ముసలాయన్ని అడుగుదామని కొండ ఎక్కింది.

అరుగుమీద నల్లబట్టల్లో ఒకామె చాప అల్లుతోంది. ఆయన మేనకోడలట. మామని పూడ్చి పది రోజులైందని చెప్పింది.

తను బడి టీచరునని, ఇళ్లు చూడటానికి వచ్చినప్పుడు ఆయన టీ ఇచ్చాడని తొరికా చెప్పింది.

మేనకోడలు లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. వంకర అక్షరాలు. మిగిలిన రెండు ఊళ్లు, ఇంటింటా. ఎవరిది, ఎంతమంది, పడుకునే ఇల్లు ఏ పక్కన, వంటపాక ఏ పక్కన.

"ఈయనకి ఇవన్నీ ఎలా తెలుసు?"

"ఈ తీరంలో రేకులన్నీ మామ చేత్తో కొట్టినవే అక్కా. కాలు పోయేదాకా అదే పని."

"నాకే ఇమ్మన్నారా? నా పేరైనా ఆయనకి తెలీదే."

"పట్నం టీచరు తప్పకుండా వస్తుంది, ఇవ్వమన్నాడు," అంది మేనకోడలు. "ఫోన్లో ఆ మ్యాపుమీద రాయకుండా నువ్వు ఆపించావట కదా, అందుకే పుస్తకంలో రాశానని చెప్పమన్నాడు."