లిఫ్టులో సౌష్ఠవ పాఠం

నాలుగో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దీపం ఆరిపోయింది.

'రిపేరు' అని రాసిన అట్టముక్కను కింది గేటుకు మాత్రమే కట్టారు. రెండో అంతస్తులో ఎక్కే ఏడో తరగతి పిల్లకు అదెలా కనబడుతుందో కట్టినవాళ్లకే తెలియాలి.

చీకట్లో పిల్ల చేతిలోని జామెట్రీ బాక్సు జారి పడింది. గేటు బాదుతూ గెంతసాగింది.

"నాన్నా! నాన్నా!"

లిఫ్టు మళ్లీ కదిలింది.

"గెంతకు!" పైనుంచి మగగొంతు.

పిల్లకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరు?"

"లిఫ్టు బాగుచేసేవాణ్ని. మోటారున్న పైగదిలో ఉన్నా. భయం లేదు తల్లీ, మధ్యలో కూర్చో. ఏంటా చప్పుడు?"

"జామెట్రీ బాక్సు. ఐదో అంతస్తులో ట్యూషన్. ఇవాళ పరీక్ష."

"ఏం పాఠం?"

"సౌష్ఠవం."

"అంటే?"

ఏడుపు మధ్యలోనే పిల్లకు చిరాకొచ్చింది. ఇంత పెద్దాయనకు ఇది కూడా తెలియదా?

"మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఆ మడతే సౌష్ఠవ రేఖ."

"అలాగా! నీ పెట్టెలో వేటికుంది? తడిమి చెప్పు. లేవకు."

తడిమింది. "కోణమానినికి ఒకటి. పొట్టి మూలమట్టానికి ఒకటి. పొడుగు మూలమట్టానికి అసలు లేదు."

"పాపం! మరి స్కేలుకి?"

"అంకెలు వదిలేస్తే రెండు. నిలువుకొకటి, అడ్డానికొకటి."

"నాలుగు కదూ? మూల నుంచి మూలకి కూడా మడవచ్చుగా!"

"అయ్యో, కాదండీ! మా క్లాసులో సగంమంది ఇదే తప్పు చేశారు. కాగితం మడిచి చూడండి, మూలలు చెవుల్లా బయటికొస్తాయి."

"నువ్వే మడిచి చెప్పు తల్లీ."

ఆ గొంతు ఆయాసపడుతోంది. మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. ఎక్కడో ఇనుము కిర్రుమంది. పిల్లను మళ్లీ భయం పట్టుకుంది. ఈయన కూడా వెళ్లిపోతే?

"అంకుల్, ఉన్నారా?"

"ఉన్నా... ఎక్కడికీ పోను. చెప్పు... వృత్తలేఖినికి?"

"లేదు. ఒక కాలు ముల్లు, ఇంకో కాలు పెన్సిలు."

పిల్ల ట్యూషన్‌కు రాలేదని ఫోను వచ్చేసరికి నాన్న, వాచ్‌మన్ మెట్లమీద పరుగెత్తుకొచ్చారు. పైనుంచి వినబడుతున్న మాటలు వాళ్ల చెవినా పడ్డాయి. ఐదో అంతస్తు గేటు తెరిచి, సందులోంచి పిల్లను పైకి లాగారు.

పిల్ల క్షేమంగా చేతికందాక నాన్న భయమంతా కోపమైంది.

"పిల్ల హడలి చస్తుంటే తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్తావా? ఒళ్లు వంచి పని చేయడానికి బద్ధకమా? రేపే నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!"

పైనుంచి ఒక్క మాటే వచ్చింది.

"సారూ... పాప బయటికొచ్చిందా?"

"నీకెందుకయ్యా ఇప్పుడు!"

వాచ్‌మన్ గొణుక్కుంటూ పైగదికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు అతని ముఖంలో.

"పైకి రండి సారూ, వదిలెయ్యమన్నా ఆయన వేళ్లు విడివడటం లేదు... లిఫ్టు ఆగినప్పుడే దాని బ్రేకు ఊడిపోయిందట, ఇంతసేపూ మోటారు చక్రాన్ని పట్టుకుని లిఫ్టు పడకుండా ఆపింది ఆయన రెండు చేతులే!"