మోడం మీద విమానం

“ఆ ఇమానాన్ని ఆపన్నా! నీ కాళ్ళు పట్టుకుంటా!”

సుంకన్న నిజంగానే వంగాడు. అతావుల్లా చటుక్కున వెనక్కి జరిగాడు. పొద్దున్నే అతను ముఖమైనా కడుక్కోకముందే వాకిట్లో ఊరి రైతులు గుమిగూడారు. అందరి చూపూ పైకే. ముదిగుబ్బ వైపు కమ్ముకొచ్చిన నల్లటి వాన మోడం విరిగిపోతోంది. దాని పైన ఎక్కడో విమానం మోత.

“మోడం పట్టినప్పుడల్లా వస్తాండాది. ఎవరో మందు చల్లించి వాన రాకుండా చేస్తాండారంట” అన్నాడు సుంకన్న.

“ఎవరు చెప్పినార్రా?”

“ఫోన్లో వచ్చింది.”

అతావుల్లాకు ఒళ్ళు మండింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలు! తనేమో మీసం రాని వయసులోనే ఎయిర్‌ఫోర్సులో చేరి, కంట్రోల్ టవర్‌లో కూర్చుని యుద్ధ విమానాలను దించినవాడు. మిలిటరీ నుంచి వచ్చాక రిటైరయ్యేదాకా పెద్ద ఎయిర్‌పోర్టులో అదే ఉద్యోగం. తను చెప్పిన మాటను పైలట్ తిరిగి అప్పజెప్పేదాకా ఏనాడూ చెవి పక్కకు తిప్పలేదు. మాట అంటే అంత నిఖార్సుగా ఉండాలి. ఈ ఊళ్ళో మాటకు మొదలూ లేదు, చివరా లేదు.

“అది బెంగళూరుకు జనాన్ని మోసుకుపోయే విమానం. మీ మోడంతో దానికేం పని?”

“నువ్వూ ఆ ఇమానాలోళ్ళ మనిషివే గదా! అట్లనే అంటావులే” అన్నాడు వెనకనుంచి తిప్పయ్య.

మరునాడు సుంకన్న బోరు నుంచి అతావుల్లా ఇంటికి నీళ్ళు రాలేదు. ఊళ్ళో ఎండిపోకుండా మిగిలిన బోరు అదొక్కటే.

“బిందె పట్టుకొని పోతే ఆడోళ్ళు మొగం తిప్పుకొన్యారు” అంది భార్య జుబేదాబీ. “ఇమానమోళ్ళకు ఫోన్ చేసినట్టు ఊరికే నటించు. నీ సొమ్మేం పోతాది?”

“నా నోరు పోతాది. ఈ నోటితో విమానాలు దించినా. గారడీ ఆడమంటావా?”

“శెనక్కాయ చేను ఎండిపాయె. తాగేదానికీ నీళ్ళు లేకపాయె. నోటిని ఏం జేసుకుంటావు?”

అతావుల్లా రిటైరై వచ్చి, నాయన చేన్లో ఇష్టంగా వేసిన మొదటి పంట అది. పూత నుంచి ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయం. ఇప్పుడు ఒక్క వాన పడకపోతే కాయ ఉండదు, పీకి పశువులకు వేయడమే.

మళ్ళీ మోడం పట్టింది. మళ్ళీ మోత వినబడింది. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. అతావుల్లా పళ్ళు కొరుకుతూ మిద్దె ఎక్కాడు. స్విచ్చాఫ్ చేసిన ఫోను చెవి దగ్గర పెట్టుకొని, “టర్న్ లెఫ్ట్! గో బ్యాక్!” అని అరిచాడు.

మోత దూరమైంది. ఎటూ దూరమయ్యేదే. కింద ఈలలు, చప్పట్లు. సాయంత్రం ఊరికి ఆ పక్క నాలుగు చినుకులు పడ్డాయి. అంతే, ఆ పక్క చేనున్న హనుమక్క పరుగున వచ్చి అతావుల్లా కాళ్ళకు మొక్కింది. కొళాయిలో నీళ్ళొచ్చాయి. అతని చేను మీద మాత్రం చుక్క రాలలేదు.

అతావుల్లా పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి ఉమ్మేశాడు.

“ఛీ! వీళ్ళకన్నా గొర్రెలు నయం.”

“మళ్ళా మోడం పడితే మళ్ళా అరుస్తావా?” నవ్వింది జుబేదాబీ.

“అరవక చస్తానా? చూసేవాళ్ళుంటే నాటకం ఆడాల్సిందే. చూసే గొర్రె లేకపోతే నాకేం పిచ్చా?”

వారం తిరక్కుండానే మోడం మళ్ళీ వచ్చింది. అప్పుడు అతావుల్లా చేన్లో ఉన్నాడు. ఒక మొక్క పీకి చూశాడు. ఊడలు గట్టినేలలోకి దిగలేక గాలిలోనే వడలిపోయాయి. తల ఎత్తాడు. చేనికి సరిగ్గా నడినెత్తిన నల్లటి మోడం. అంతలో విమానం మోత.

జేబులోంచి ఫోను తీశాడు. స్విచ్చాఫ్‌లోనే ఉంది. చెవికి ఆనించుకున్నాడు.

“టర్న్ లెఫ్ట్... గో బ్యాక్” అన్నాడు.

అవతలివాడు ఆ మాట తిరిగి అప్పజెప్పాలని ఫోను చెవికి అదుముకొని అలాగే నిలబడ్డాడు.

చూడటానికి అక్కడ ఎవరూ లేరు.