ఉన్నదున్నట్టు

"మీ వెబ్‌సైట్‌లో ఓ నెగటివ్ రక్తం నాలుగు యూనిట్లని ఉంది. చూసే వచ్చాను," అంటూ అతను ఫోన్ చూపించాడు. అరగంట దూరంలో ఉన్న ఆసుపత్రిలో, కాన్పయిన అతని చెల్లెలికి రక్తస్రావం ఆగడం లేదు.

బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ ఫ్రిజ్ తెరిచింది. ఆ గ్రూపు అర ఖాళీగా ఉంది.

"అది మొన్న శుక్రవారం నాటి లెక్క అన్నా, మళ్ళీ మార్చలేదు," అంది.

వెంటనే మరో బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసింది. రెండున్నాయన్నారు. అతను పరుగెత్తాడు.

ఆమె కంప్యూటర్‌లో నాలుగు చెరిపేసింది.

"సున్నా పెట్టకమ్మా," అన్నాడు వెనక నుంచి డాక్టరు. "పైవాళ్ళు చూస్తే పరువు పోతుంది. సాయంత్రానికి రక్తం ఎలాగూ వస్తుందిగా."

"మన నాలుగు నమ్మి అతను అరగంట పోగొట్టుకున్నాడు సార్. అది మనం తిరిగివ్వగలమా?"

ఆమె సున్నా కొట్టింది.

గంట తర్వాత అతనే ఫోన్ చేశాడు. రక్తం ఎక్కిస్తున్నారట, చెల్లెలు కళ్ళు తెరిచిందట.

ఫోన్ మళ్ళీ మోగితే డాక్టరు ఎత్తాడు.

"ఓ నెగటివ్ అసలు లేదని మీ వెబ్‌సైట్‌లో చూశానండి," అంది ఎవరో ఆడమనిషి. "నాదీ అదే గ్రూపు. ఇప్పుడొచ్చి ఇవ్వచ్చా?"

"రండమ్మా," అని ఫోన్ పెట్టేసి, డాక్టరు టెక్నీషియన్ వైపు తిరిగాడు.

"మిగతా గ్రూపులవి కూడా ఎన్నుంటే అన్నే పెట్టెయ్," అన్నాడు.