సైడివ్వని లారీ

ప్రథమేశ్ హారన్ మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

ముందున్న పచ్చ లారీ పక్కకు జరగలేదు. వేగమూ పెంచలేదు. ఖండాలా ఘాట్ దిగినంతసేపూ రోడ్డు మధ్యన, రెండో గేర్‌లో, పెళ్ళి ఊరేగింపులా దిగింది.

"ఓ ముసలాయనా! సైడియ్యవయ్యా! రోడ్డు మీ తాత కట్టిచ్చిండా?"

పచ్చ లారీ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. నెమ్మది అన్నట్టు రెండుసార్లు ఊగి లోపలికి పోయింది.

ఘాట్ దిగాక ఆ లారీ ఎడమకు తీసి ఆగింది. ప్రథమేశ్ తిట్టుకుంటూ దాటిపోయాడు.

ఇది ఐదో గురువారం. ఐదుసార్లూ అదే లారీ, అదే ముసలాయన!

ప్రథమేశ్‌ది కామాటిపుర పదకొండో గల్లీ. హెవీ లైసెన్స్ రాగానే రెండు పనులు దొరికాయి. ఒకటి ముంబైలోనే నీళ్ళ ట్యాంకర్. రెండోది హైదరాబాద్ లైను. వారానికో ట్రిప్పు, పోయేటప్పుడు గుడ్డల బేళ్ళు, వచ్చేటప్పుడు బియ్యం బస్తాలు.

"ట్యాంకరే నడుపు బిడ్డా. ఘాట్ దిగుడంటే మాటలా?" అంది తల్లి నర్సమ్మ.

"ఎన్నాళ్ళమ్మా ఈ ఫాక్‌లాండ్ రోడ్డు చుట్టే తిరగాలె? మన పాలమూరు దిక్కు ఎట్లుంటదో నేను చూడొద్దా?"

అతను లైనే ఎంచుకున్నాడు.

ఆ లైన్లో కొత్త డ్రైవర్ పక్కన మొదటి పది ట్రిప్పులు ఇంటి పెద్ద ఎవరో ఒకరు కూర్చుంటారు. బ్రేకు ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు తొక్కకూడదో చెబుతారు. వినకపోతే నెత్తిన ఒక్కటిస్తారు.

ప్రథమేశ్‌కు తండ్రి లేడు. తల్లి వైపు వాళ్ళు వీళ్ళ గడప తొక్కరు. పక్క సీటులో అతని సంచి ఒక్కటే కూర్చునేది.

ఘాట్ పైన, దిగే ముందు బ్రేకులు చూసుకోవడానికి అందరూ ఆగే చోట, పక్క లారీల్లోంచి తిట్లు వినిపించేవి. "కండ్లు యాడ పెట్టినవ్‌రా!" అని ఎవరి తండ్రో అరిచేవాడు. నన్ను అట్లా తిట్టేందుకు ఒక్కడన్నా లేడే అని ప్రథమేశ్‌కు దుఃఖం వచ్చేది.

అక్కడ ఛాయ్ అమ్మే పెంటయ్యను ఒకసారి అడిగాడు.

"ఎవరే ఆ పచ్చ లారీ ముసలాయన? ఆయన వెనక దిగితే నా బస్తాల బియ్యం మొలకలొస్తయి!"

"ఛాయ్ తాగు, చల్లారుతది," అన్నాడు పెంటయ్య నవ్వుతూ.

చేసేదేముంది! వారం వారం ఆ లారీ వెనకే దిగాడు. మెల్లగా ఊరికే బ్రేకు తొక్కడం తగ్గింది. ఏ మలుపు ఎటు తిరుగుతుందో కాళ్ళకు తెలిసిపోయింది.

పదకొండో గురువారం పచ్చ లారీ రాలేదు.

రోడ్డు ఖాళీ. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందని తోటి డ్రైవర్లు చెప్పిన మాట గుర్తొచ్చింది. గేర్ రాడ్ మీదికి చెయ్యి పోయింది.

ఆగింది. రెండో గేర్ వేశాడు.

ఒక్కడే దిగాడు. కిందికి చేరాక "దిగిన! నేనొక్కన్నే దిగిన!" అని గట్టిగా అరిచాడు. తీరా చూస్తే వినడానికి ఎవరూ లేరు. విచిత్రం, ఆ ముసలాయన ఉంటే బాగుండుననిపించింది.

తరువాతి గురువారం కూడా పచ్చ లారీ లేదు. పెంటయ్య దగ్గర ఆగాడు.

"ముసలాయన కనబడ్తలేడేందే?"

పెంటయ్య గ్లాసు కింద పెట్టాడు. "బుచ్చన్నా? వర్లి ఆయన. ఊరికని పోయిండు. ఆడనే గుండె ఆగిందంట. పది దినాలైంది."

ప్రథమేశ్ ఖాళీ రోడ్డు వైపు చూశాడు. "అయ్యో పాపం. మంచోడే కావచ్చు గానీ, ఒక్కనాడు సైడియ్యలే."

"సైడా? ఆయన పని పూణె నుంచి ఈడిదాకనేరా! కింద ఆయనకేం పని లేకుండె. నీ బండి కనబడంగనే ముందట పడి దిగేటోడు. నిన్ను కిందికి చేర్చి, ఖాళీ లారీ మళ్ళ పైకి తెచ్చుకునేటోడు."

"నా కోసమా? ఎందుకే?"

"నేనూ అడిగిన. 'పిలగాడు కొత్త, న్యూట్రల్ల దిగి బ్రేకులు కాల్చుకుంటడేమో' అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుండు. పది ట్రిప్పులైనయి, ఇగ వాడే దిగుతడని చెప్పి ఊరికి పోయిండు."

సాయంత్రం ఇల్లు చేరేసరికి నర్సమ్మ గుమ్మంలో గోంగూర తుంచుతోంది. ప్రథమేశ్ పక్కనే కూలబడి అంతా చెప్పాడు.

"పేరేందన్నవ్?"

"బుచ్చన్న. వర్లిల ఉంటడంట. పోయిండమ్మా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసింది.

"ఎందుకట్ల చూస్తున్నవ్? నీకు ఎరుకా ఆయన?"

"మీ నాయనను నా ఇష్టంతోని చేసుకున్ననని ఇరవై ఆరేండ్లు నాతోని మాట్లాడలే." కొంగు నోట్లో కుక్కుకుంది. "నువ్వు లైనెక్కిన దినం పక్కింటి సీమాతోని చీటి పంపిన. 'పిలగాడు ఒక్కడే ఘాట్ దిగుతుండు, ఇది వాని బండి నంబరు' అని."

"ఏమన్నడు?"

"ఏమనలే. చీటి తీస్కొని లోపలికి పోయిండంట." ఏడుపు ఆపుకోలేకపోయింది నర్సమ్మ. "జవాబియ్యలేదని ఈ మూడు నెల్లు మా అన్నను తిట్టుకుంట కూసున్న బిడ్డా!"