వేలాడి చూడని తాడు

“గొలుసు తీసేయండి, లోపలికి తీసుకెళ్లాలి,” అంది నర్సు.

నా భార్య మెడలోని సిలువ గొలుసు కొక్కెం నా వేళ్లకు దొరకడం లేదు.

“కొట్లో రోజంతా తాళ్ల ముడులు విప్పుతారు, ఇదో లెక్కా?” అని స్ట్రెచర్ మీదే నవ్వింది. “సరే, జబ్బుపడ్డవాళ్లకి చెబుతారే, ఆ మాట నాకూ చెప్పండి.”

సంఘంలో ఎవరు మంచం పట్టినా వెళ్లి, ‘భయపడకండి, దేవుడున్నాడు’ అని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఇప్పుడు ఆమెకే గుండె ఆపరేషన్.

“నాకు భయంగా ఉందే,” అన్నాను. “ఆయన వింటున్నాడో లేదో కూడా తెలియడం లేదు.”

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అమ్మయ్య! నాకూ అంతేనండీ. విశ్వాసం లేనిదాన్నంటారని నోరు మూసుకున్నాను. ఆ మాటే ఆయనకి చెప్పండి.”

“ప్రభువా, భయంగా ఉంది. మమ్మల్ని పట్టుకో.”

“ఆమెన్,” అంది. కొక్కెం ఊడి గొలుసు నా చేతికొచ్చింది. స్ట్రెచర్ వెనక తలుపులు మూసుకున్నాయి.

కొట్లో ఏ తాడైనా నేను వేలాడి చూశాకే అమ్ముతాను. ‘దేవుడున్నాడు’ అన్న మాటను మాత్రం అలా చూడకుండానే అందరి చేతికీ ఇచ్చాను. గొలుసు గుప్పిట్లో బిగించి, మొదటిసారి నా బరువంతా ఆ మాట మీద వేశాను.