గాలివాన బొమ్మ

"నువ్వు ఆ పెట్టె ముందు నిలబడితే నేను అన్నం ముట్టను," అంది అప్పాయమ్మ.

"దొరగారికి మాటిచ్చేసేనమ్మా," అన్నాడు సత్తియ్య, తలగుడ్డ విప్పి నడుముకి చుట్టుకుంటూ.

తల్లీకొడుకుల పోట్లాట ఇంజరం పోలవరం రేవులో ఊరందరి ఎదుటా జరుగుతోంది. ఊరందరూ అంటే, పడవల పాకలో దూరి తలలు మాత్రం బయటపెట్టిన వాళ్ళు. తూర్పున సముద్రం మీంచి మబ్బు లేచింది. మామూలు మబ్బు కాదు. ఆకాశానికి కాటుక పులిమినట్టు నేల దాకా దిగింది. గోదావరి అప్పటికే నురగలు కక్కుతోంది. బుద్ధున్న ప్రతివాడూ పడవ ఒడ్డుకి లాగి తాడు బిగించుకున్నాడు. కాలవ పనికొచ్చిన దొర మాత్రం బొమ్మలు తీసే మూడు కాళ్ళ పెట్టెని ఇసకలో పాతి, ఎగిరిపోకుండా దానికి రాళ్ళు కట్టించి, మబ్బుని చూసి పెళ్ళికొడుకులా మురిసిపోతున్నాడు. ఎండ కాసినన్నాళ్ళూ ఆ పెట్టె జోలికి పోలేదు. ఆయనకి గాలివాన బొమ్మే కావాలిట.

దొర మాటలు తెలుగులో చెప్పే సుందరరావు పంతులు, తాటాకు గొడుగుని రెండు చేతులా పట్టుకుని నచ్చజెప్పబోయాడు.

"ఒట్టి మబ్బుని తీస్తే వాళ్ళ దేశంలో ఎవరూ నమ్మరట అప్పాయమ్మా. పక్కన మనిషుంటేనే గానీ అదెంత పెద్దదో తెలీదట. అందుకని సత్తియ్యని నిలబడమన్నారు."

"దానికి నా కొడుకే కావాలేంటండీ? తమరు నిలబడండి."

పంతులు గొడుగు సర్దుకోవడంలో పడ్డాడు. నిజానికి ఆయనకీ ఆ పెట్టె అంటే గుబులే. మనిషి బొమ్మ దాంట్లోకి వెళితే ఆయుష్షు కూడా వెంట వెళ్ళిపోతుందని ఆ ఒడ్డున పసిపిల్లలకి కూడా తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేరు. పడవ నడిపే వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ముందుకి రాలేదు. సత్తియ్య ఒక్కడే, "ఆయ్, నేనుంటానండి," అన్నాడు. పాతికేళ్ళవాడు, ఆయుష్షు గురించి ఆలోచించే వయసా అది?

"నాకున్నది నువ్వొక్కడివిరా," అంది అప్పాయమ్మ గొంతు తగ్గించి. "నీ ఊపిరి ఆ పెట్టెలో పడిపోతే నేనెవరికి చెప్పుకోను?"

"నేను సముద్రం మీదకెళ్తే భయపడవు గానీ, అద్దంముక్కకి భయపడతావేంటే."

"సముద్రం మీదకెళ్తే భయపడనని నీకెవడు చెప్పేడ్రా?"

సత్తియ్య, తల్లి చెయ్యి మెల్లిగా విడిపించుకుని, నీటి అంచుకి వెళ్ళి మబ్బుకి ఎదురుగా నిలబడ్డాడు. వెలుతురు తక్కువ కాబట్టి చాలాసేపు కదలకూడదని పంతులు కేకేసి చెప్పాడు. దొర పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పరిగెత్తింది అప్పాయమ్మ. ఇసక మొహాన కొడుతోంది. నెరిసిన జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది. వెళ్ళి కొడుకు చేతిని రెండు చేతులా చుట్టేసుకుంది.

"పోవే అమ్మా, నువ్వెందుకు?"

"తీసుకుంటే ఇద్దరిదీ తీసుకోమను. సగం నాదైతే నీకు సగమైనా మిగుల్తాది."

దొర చేతులూపి ఆమెని పక్కకి పొమ్మన్నాడు. ఆమె చూడనట్టే ఊరుకుంది. మబ్బు నెత్తి మీదకి వచ్చేస్తోంది, బతిమాలడానికి వ్యవధి లేదు. దొర విసుక్కుంటూనే మూత తీశాడు.

వాళ్ళిద్దరూ కదలలేదు. ఏళ్ళ తరబడి చేపల గంప మోసిన మెడ అప్పాయమ్మది, గాలికి ఊగే రకం కాదు. ఆ కాసేపూ ఆమెకి ఏ దేవుడూ గుర్తు రాలేదు. మళ్ళీ చూస్తానో లేదో అన్నట్టు కొడుకు మొహమే చూస్తూ నిలబడింది. వాడంటే ఆమెకి అంత ప్రాణం.

మూత పడింది, వాన విరుచుకుపడింది. దొర పెట్టెలోంచి బొమ్మ పడిన అద్దాన్ని తీసి, గుడ్డలో చుట్టుకుని, దాన్ని మందునీళ్ళలో కడిగే తన నల్ల గుడారంలోకి పరిగెత్తాడు. తల్లీకొడుకులు పడవల పాకలోకి వచ్చి పడ్డారు. వాన కొంచెం వెలిశాక దొర తడిసి ముద్దై, నవ్వుకుంటూ వచ్చి, పాక గుమ్మంలో వెలుగుకి అడ్డంగా ఆ అద్దాన్ని పట్టుకున్నాడు.

అందరూ మూగారు. అంత నల్లటి మబ్బూ అద్దంలో దూదిలా తెల్లగా ఉంది. తెల్లటి నురగలు మసిబారి ఉన్నాయి. వాటి మధ్య తనని తాను చూసుకున్న సత్తియ్య చెయ్యి ఠక్కున నెత్తి మీదకి వెళ్ళింది. అద్దంలో అతని తల ముగ్గుబుట్ట అయిపోయింది. మీసం కూడా పండిపోయింది. ఇందాకటి ధైర్యమంతా ఎటో పోయింది.

"పంతులుగారూ, నా ఆయుష్షంతా లాగేసేరండీ," అన్నాడు ఏడుపు గొంతుతో.

"కాదోయ్, అద్దం మీద నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా పడతాయట. కాయితం మీదకి దింపితే అన్నీ సరిగ్గా వస్తాయట," అని పంతులు మొత్తుకున్నాడు గానీ వినేదెవరు? పక్కనున్న వాళ్ళు సత్తియ్యకి దూరంగా జరిగారు. ఇక గుండెలు బాదుకుంటుందని అందరూ అప్పాయమ్మ వైపు తిరిగారు.

ఆమె అద్దానికి మొహం ఆనేంత దగ్గరగా వెళ్ళింది. అందులో కొడుకు చెయ్యి పట్టుకుని నల్లటి జుట్టుతో ఓ పడుచు నిలబడి ఉంది. అదెవరని కూడా ఆమె అడగలేదు. ఆ తెల్లజుట్టు ముసలాణ్ణే చూస్తూ ఉండిపోయింది. చూస్తుంటే కళ్ళు నిండాయి, మొహం విప్పారింది. వెనక్కి తిరిగి, కొడుకుని దగ్గరికి తీసుకుంది.

"ఏడుస్తావేంట్రా పిచ్చోడా, అంత ముసలాడివయ్యేదాకా బతుకుతావన్నమాట," అంది. "మనింట్లో జుట్టు నెరిసిన మగాణ్ణి చూడ్డం నాకు ఇదే మొదలు."